బోనులో కుర్చీ

"ఆ కుర్చీ తీయించింది నేనే," అన్నాడు పెద్దజడ్జి, రాస్తున్న కాగితం మీంచి తల ఎత్తకుండానే. "ఇంకేమైనా అడగాలా?"

చిన్నజడ్జికి అడగాల్సినవి చాలానే ఉన్నాయి. పొద్దున్నే తన కోర్టు హాల్లోకి తొంగిచూస్తే, సాక్షి బోనులో నిన్న తను వేయించిన కుర్చీ మాయం. బంట్రోతుని అడిగితే అతను పైకప్పు వంక చూశాడు. దాంతో నేరుగా పెద్దాయన గదికి వచ్చిపడింది.

"ఎందుకు తీయించారు సార్?"

"సాక్షులు నిలబడే చెప్పాలి. తాతల నాటి నుంచీ అంతే. ఇవాళ కుర్చీ అంటావు, రేపు దిండు అంటావు. స్కాలర్‌షిప్ ఇచ్చి శిక్షణకి పంపింది నాలుగు ముక్కలు నేర్చుకుని రమ్మని. సామాన్లు సర్దమని కాదు."

"నేర్చుకున్నదే చేస్తున్నాను సార్. అక్కడ జడ్జీలందర్నీ ఒక్కొక్కరిగా బోనెక్కించారు. అడిగిందే తిప్పితిప్పి అడిగారు. నా కాళ్లు పీకేశాయి. చివరికి, కళ్లారా చూసిన నీలం కారుని ఎర్రదని ఒప్పేసుకున్నాను. ఎందుకో తెలుసా? దిగి ఎక్కడో ఓ చోట కూలబడొచ్చని."

పెద్దజడ్జి కలం ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

"ఇవాళ బోనెక్కేది కాలు విరిగిన మనిషి," అంది ఆమె. "బట్టలు కుట్టే షెడ్డులో మెట్లకి పట్టుకునే కమ్మీ లేక జారిపడింది. యజమాని తరఫున వచ్చేది జిడ్డు ప్లీడరు."

జిడ్డు ప్లీడరంటే ఆ కోర్టులో తెలియనివాళ్లు లేరు. పట్టుకుంటే వదలడు. తలుపు రంగు దగ్గర మొదలెట్టి, సాక్షి మోకాళ్లు వణికేదాకా నానబెట్టి, అప్పుడు అసలు ప్రశ్న వేస్తాడు. దానికి ఎవరైనా 'ఔనయ్యా' అనాల్సిందే. ఆయన తెలివి సగం, అవతలివాళ్ల కాళ్లనొప్పి సగం.

పెద్దజడ్జి ఈసారి తలెత్తాడు. "చూడమ్మా. రెండో విడత శిక్షణకి నిన్ను పంపాలంటే నేను రాయాలి, మొదటి విడత వల్ల ఒరిగిందేమిటో. ఇవాళ నీ హాల్లో వెనక బెంచీ మీద కూర్చుని చూస్తాను. బోనులో కుర్చీ కనబడిందో, నీ స్కాలర్‌షిప్ సంగతి మర్చిపో."

ఆమె చూపు గోడవారగా ఉన్న ఓ పాత చెక్క కుర్చీ మీద పడింది. ఒక చెయ్యి ఊడిపోయి, ఎవరికీ అక్కర్లేనట్టుంది.

"దాన్ని ముట్టుకోకు," అన్నాడాయన కటువుగా.

చిన్నజడ్జికి ఒళ్లు మండింది. దాంతోపాటు భయమూ వేసింది, అబద్ధమెందుకు. ఆ శిక్షణంటే ఆమెకి ప్రాణం. తీర్పులు రాయడం ముందే వచ్చు. మనిషి చెప్పేది వినడం అక్కడే మొదలైంది.

హాల్లో కుట్టుపనామె చేతికర్ర ఊతంతో బోనెక్కింది. జిడ్డు ప్లీడరు కళ్లజోడు తుడుచుకుని తీరుబడిగా లేచాడు.

"ఏమ్మా, ఆ షెడ్డు తలుపు ఏ రంగు?"

"ఆకుపచ్చండీ."

"ముదురాకుపచ్చా, లేతదా?"

అప్పుడు చిన్నజడ్జి లేచి నిలబడింది.

జడ్జి లేస్తే హాలంతా లేవాలి. అదీ తాతల నాటి నుంచి వస్తున్నదే. ప్లీడర్లు, గుమాస్తాలు, పోలీసులు, వాయిదాలకి వచ్చిన జనం, అందరూ గబగబా లేచారు. ఇంక సెలవేమో అనుకుని ఒకాయన సంచీ కూడా భుజాన వేసుకున్నాడు.

"కానివ్వండి," అంది ఆమె.

"మేడం, తమరు కూర్చుంటే..."

"సాక్షి నిలబడే ఉంది కదండీ. నాకు ఈ ఎత్తులోనే బాగా వినబడుతోంది. ఎంతసేపైనా అడగండి, తొందరేం లేదు."

జిడ్డు ప్లీడరు అడిగాడు. తలుపు, మెట్లు, మళ్లీ తలుపు. టైపిస్టు వంగి కొట్టలేక నడుం పట్టుకుంది. తోటి ప్లీడర్లు పళ్లు నూరారు. "తెమల్చవయ్యా మహానుభావా," అని గొణిగింది ఎవరో కాదు, ఆయనకి ఫీజిచ్చిన షెడ్డు యజమానే. వెనక పెద్దజడ్జి తన ముందున్న బెంచీని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. ఆయనవి కీళ్లనొప్పుల కాళ్లు. చిన్నజడ్జి చూసింది. జాలేసింది. అయినా కూర్చోలేదు.

చివరికి ప్లీడరే చెమట తుడుచుకుని అసలు ప్రశ్నకి వచ్చాడు. "మెట్లకి కమ్మీ ఉంది. నువ్వే చూసుకోకుండా పడ్డావు. ఔనా?"

కుట్టుపనామె కాళ్లు వణుకుతున్నాయి. ఆమె ఒకసారి హాలంతా కలయజూసింది.

"లేదయ్యా. కమ్మీ లేదు. నాతోపాటు ఇంతమంది నిలబడ్డాక అబద్ధం ఎలా చెప్పను?"

"అది కాదమ్మా, ఇంకోసారి ఆలోచించుకుని..."

ధడేల్మని తలుపు చప్పుడైంది. వెనక బెంచీ దగ్గర పెద్దజడ్జి లేడు. సరే, స్కాలర్‌షిప్‌కి నీళ్లొదులుకోవడమే అనుకుంది చిన్నజడ్జి. అయినా నిటారుగా నిలబడింది.

కాసేపటికి తలుపు మళ్లీ తెరుచుకుంది. పెద్దజడ్జి కుంటుకుంటూ వస్తున్నాడు. చేతుల్లో చెయ్యి ఊడిన ఆ పాత కుర్చీ. అందుకోబోయిన బంట్రోతుని కళ్లతోనే ఆపి, తనే మోసుకెళ్లి బోనులో వేశాడు.

"కూర్చోమ్మా," అన్నాడు కుట్టుపనామెతో. తర్వాత జడ్జి పీఠం వైపు తిరిగాడు.

"మేడం గారూ," అన్నాడు. ఆమెని అలా పిలవడం అదే మొదలు. "మీ వయసులో నేనూ ఆ శిక్షణకే వెళ్లొచ్చాను. వచ్చి ఈ బోనులో ఈ కుర్చీనే వేశాను. తీసెయ్యమని నాకూ పైనుంచి ఆర్డరొచ్చింది. తీయించేశాను."

చేతులకంటిన దుమ్ము దులుపుకున్నాడు.

"ఆ రోజు నేను కూర్చునే ఉన్నాను."