ఎడమ అద్దం

పినపాక దాటాక అడవి అంచున షెడ్డు. మెకానిక్కు వీరభద్రం అందులోనే జీపు ఇంజనుతో, మూడేళ్లు కష్టపడి, పాతకాలపు టాపులేని కారు తయారు చేసుకున్నాడు. ఇక అద్దాలే మిగిలాయి. ఏరి తెచ్చిన గుండ్రటి ఇత్తడి అద్దాలవి, చూపు తిప్పుకోనివ్వవు. చీకట్లో వెనక బండి లైటు కనబడేలా బిగించాలని భార్య సరోజనకు టార్చి ఇచ్చి కారు వెనక నిలబెట్టాడు.

"ఎడమకు జరుగు... అవ్, గట్లనే!" ఎడమ అద్దం బిగించాడు. "ఇగ కుడికి రా."

కుడి అద్దంలోనూ వెలుగు చక్కగా కుదిరింది.

"ఎంత ముద్దుగున్నయో చూడవే!"

"నీ పనితనమే వేరయ్యా," అంది సరోజన, కుడివైపు నుంచి.

మురిసిపోతూ ఎడమ అద్దం చూశాడు. అందులో వెలుగు అట్లాగే ఉంది.

"నీ చేతిల టార్చిలెన్ని?"

"ఒక్కటే. ఏంది?"

ఆ మాట విన్నట్టుగా ఎడమ అద్దంలో వెలుగు ఆరిపోయింది.