కంబళి లోపలి వేడి

పొదిలి బస్సు మార్కాపురంలో కదలబోతోంది. ఉన్ని వ్యాపారి బాలసుబ్రహ్మణ్యం శెట్టి, బండివాడి సాయంతో గొర్రెల కాపరి గంగయ్యను వెనక సీటు మీద పడుకోబెట్టాడు. గంగయ్య భార్య యల్లమ్మ అతని తల ఒళ్ళో పెట్టుకుంది.

కర్నూలు రాజధాని అయ్యాక వచ్చిన మొదటి చలికాలం. గాలి కోస్తోంది.

బయల్దేరే ముందు ఆసుపత్రి అరుగు మీదే శెట్టి, గంగయ్య రొమ్ము మీద ఒకటి, పక్కలో ఒకటి గొర్రెపిల్లలను పెట్టి, పైన రెండు కంబళ్ళు కప్పాడు. ముఖం కూడా మూసేశాడు.

"ఏంది శెట్టిగారూ, వీటికి టిక్కెట్టు ఎవురు కొంటారు?" అన్నాడు కండక్టరు.

"గొర్రెలనుకోమాక, కుంపటి అనుకో. చలిజ్వరం. మనిషికన్నా గొర్రె ఒంట్లో వేడెక్కువ. తాగిన పాలన్నీ లోపల వేడయితాయి. ఆ వేడిని ఉన్ని బయటికి పోనీదు. మన ఒంట్లో పుట్టనప్పుడు పక్కనోళ్ళ దగ్గర తెచ్చుకోవాల్సిందే."

"దారిలో ప్రాణం పోతే? శవాన్ని ఎక్కించినానని మా ఓనరు నన్ను ఇంటికి పంపిస్తాడు."

"కొనకనమిట్ల దాకా పూచీ నాది. వాళ్ళమ్మ చూసుకోవాల. ఎడ్లబండి రేపటికి గాని పోదు."

కండక్టరు కంబళి కింద చెయ్యి పెట్టి గంగయ్య రొమ్ము తాకాడు.

"కాలిపోతాంది. పోనీ, రైట్!"

బస్సు కదిలింది. యల్లమ్మ పెదవులు వణికాయి. శెట్టి కళ్ళతోనే వారించాడు.

"మాట్లాడమ్మా. ఏదో ఒకటి మాట్లాడతా ఉండు."

ఆమె వంగింది. "చుక్కగొర్రె ఈనింది మామా. ఆడపిల్ల. నువ్వు లేంది మంద నా మాట ఇంటాదా?"

కంబళి కదిలింది. ముందు సీటులోని ముసలామె వెనక్కి తిరిగింది. "చూసినావా, కదిలినాడు! భయపడమాక బిడ్డా. ఆ వేడికి లేచి కూచుంటాడు."

యల్లమ్మ తల ఊపింది.

కొనకనమిట్లలో దిగారు. బస్సు వెళ్ళిపోయింది. గంగయ్యను నులక మంచం మీదికి చేర్చారు. తల్లి పరుగున వచ్చి కొడుకు రొమ్ము తడిమింది. "వెచ్చంగ ఉండాడు నా బిడ్డ!" అని ఆకాశానికి చేతులెత్తి మొక్కింది.

యల్లమ్మ గొర్రెపిల్లలను ఒక్కొక్కటిగా బయటికి తీసి, తెల్లవారుజామున ఆసుపత్రిలో గంగయ్య ఊపిరి ఆగినప్పుడు శెట్టి తన చేత ఆపించిన ఏడుపును ఇప్పుడు ఎత్తుకుంది.