ఐదు రాగాల హారన్

“బ్రేక్ ఆయిల్ తారులా నల్లబడింది, నీళ్లు చేరాయి. కొండ దిగేటప్పుడు వేడెక్కితే పెడల్ నేలకంటుతుంది గానీ బండి ఆగదు. మొత్తం తీసేసి కొత్తది పోద్దాం,” అన్నాడు మెకానిక్.

“సెకండ్‌హ్యాండ్ లారీకి ఇన్ని సోకులెందుకయ్యా? పెడల్ గట్టిగానే ఉంది. పైగా ఐదు రాగాల హారన్ పెట్టించాను,” అన్నాడు యజమాని.

“మంచి పని చేశారు. బ్రేకు పడకపోతే కిందివాళ్లకి కబురు చెయ్యడానికి పనికొస్తుంది.”

డ్రైవర్‌కి నవ్వొచ్చింది. కానీ సరుకుతో ఆ కొండ దిగాల్సింది తనే. “సరేనండీ, మీరూ కిందికే కదా, క్యాబిన్‌లో కూర్చోండి, పోదాం,” అన్నాడు.

“నేనా? నేను బస్సులో వస్తాలే,” అన్నాడు యజమాని చటుక్కున.

ఇంతసేపూ ఈయనకి బ్రేకుల సంగతి తెలీదనుకున్నాడు డ్రైవర్. పాపం, మెకానిక్ కంటే బాగా తెలుసు.

లారీ తాళంచెవి తీసి యజమాని చేతిలో పెట్టాడు.

“అయితే రెండు టికెట్లు తీయండి.”