నాలుగో గొంతు

ఎడ్మండ్ లమ్లీ గొంతు పోయింది నవంబరు మూడో ఆదివారం, సాయంత్రం ప్రార్థనలో, కీర్తన రెండో చరణం దగ్గర.

పదమూడేళ్లవాడు. కెథీడ్రల్ గాయక బృందానికి పెద్ద కుర్రాడు. పై స్వరానికి నోరు తెరిచాడు. గాలి వచ్చింది, పాట రాలేదు. వెనక వరసలో కుర్రాళ్ల భుజాలు నవ్వుతో ఊగడం కంటబడేదాకా బృందాన్ని నడిపే థ్రెల్‌ఫాల్ మాస్టారు చేత్తో తాళం వేస్తూనే ఉన్నాడు.

"అంత జరిగినా మాస్టారి మొహంలో నరం కదల్లేదు. అదీ పెద్దమనిషి తరహా!" అని ఊరు ఊరంతా మెచ్చుకుంది.

గొంతు మారిన కుర్రాళ్ల ఆచారం ప్రకారం ఎడ్మండ్ తన పెద్దరికపు నీలం రిబ్బను పతకాన్ని ఆ సాయంత్రమే తిరిగిచ్చేశాడు. ఐదేళ్లు పాడినందుకు మాస్టారు వాడితో ఒకసారి కరచాలనం చేశాడు.

క్రిస్మస్ ముందురోజు, చీకటి చర్చిలో, మొదటి చరణం ఒంటరిగా పాడే గొంతు ఇప్పుడు లేదు. తనకుందని ఎడ్మండ్ చెల్లెలు హెస్టర్ బయల్దేరింది. పదకొండేళ్ల పిల్ల. అన్న ఇంట్లో సాధన చేసిన ప్రతి పాటా పక్కన కూర్చుని నేర్చేసుకుంది. ఆ ఒక్క చరణం కోసం మూడేళ్లుగా కలలు కంటోంది.

"మాస్టారూ, అన్నయ్య బదులు నేను పాడతాను."

"నేల చూపులు చూస్తూ గొణగడం మర్యాద కాదమ్మాయ్. నా మొహం చూసి చెప్పు."

చూసి చెప్పింది.

"ఇది మగపిల్లల బృందం తల్లీ," అన్నాడాయన జాలిగా.

స్త్రీలు చర్చిలో నోరు మెదపకూడదని వెనకటికో మహానుభావుడు ఉత్తరం రాశాడు. దేవుడికేమో పై స్వరాలు కావాలి. గడ్డాలవాళ్లకు అవి పలకవు. మధ్యేమార్గంగా మగపిల్లల్ని పట్టుకొచ్చి నిలబెట్టారు. కొన్ని వందల ఏళ్లు గడిచేసరికి ఆ సర్దుబాటుకు శాస్త్రం అని పేరు వచ్చింది.

శాస్త్రం మాస్టారికి కంఠతా వచ్చు. "మగపిల్లాడి గొంతు వెండి గంట. ఆడపిల్ల గొంతులో గాలి కలుస్తుంది. టీలో నీళ్లెక్కువైనట్టు." ఈమధ్య మగపిల్లల్లోనూ వెండి తగ్గిపోతోందని ఆయనకు దిగులు. డబ్బాల తిండి వల్లేనట. చర్చి తోటలో పిట్టలు కూడా కూయడం మానేశాయట. కాలం అలా తగలడింది.

డీన్ ఓస్‌గుడ్ గారు ఆ చర్చికి పెద్ద. వచ్చి ఏడాది కాలేదు కనక ఆయనకింకా సందేహాలు మిగిలి ఉన్నాయి.

"థ్రెల్‌ఫాల్ గారూ, ఆ వయసులో ఎవరిది ఏ గొంతో పోల్చుకోలేమంటారు కదా?"

"పోల్చుకోలేనివాళ్లు అలాగే అంటారు లెండి."

"అయితే తెర కడదాం. ఆరుగురు పాడతారు. అమ్మాయిని పట్టుకోలేకపోతే ఆ పిల్లను తీసుకోవాలి. పట్టుకుంటే నేనిక నోరెత్తను."

మాస్టారు కాసేపు ఆలోచించి ఒకే ఒక్క షరతు పెట్టాడు. "తెర అడుగున జానెడు ఎడం వదలాలి. ధ్వని నేల మీదుగా నడిచి వస్తుంది." అంతటివాడు చెప్పాక కాదనేదెవరు? పెద్దలందరూ తలలూపారు. నడవడం తెలియని ధ్వని అయితే వాళ్లకూ అక్కర్లేదు.

శనివారం పొద్దున, రొట్టెల దుకాణంలో పనిచేసే తల్లి డోరిన్ సెలవు పెట్టింది. ఎడ్మండ్ ఎర్రంగీని పైకి మడిచి కుట్టి కూతురికి తొడిగింది. తెర వెనకైనా సరే, అంగీ లేనిదే అక్కడ పాడనివ్వరు.

"అన్న బూట్లు నీకు పడవల్లా ఉన్నాయే! వాళ్లంతా తాళ్ల బూట్లతో వస్తారు. నీవేమో పట్టీ బూట్లాయె."

"తెర వెనకే కదమ్మా, ఎవరు చూస్తారు?"

"గాలి కలపకే హెస్టర్," అన్నాడు ఎడ్మండ్ బొంగురుగా. "మాస్టారు పసిగట్టేస్తాడు."

"నీ కప్ప గొంతు సంగతి చూసుకో ఫో!"

చీట్లు తీసి వరస నిర్ణయించారు. ఆరుగురూ అదే చరణం, ఒకరి తర్వాత ఒకరు పాడారు. మూడోవాడు శ్రుతి తప్పాడు. నాలుగో గొంతు మొదలయ్యాక ముందు వరసలో దగ్గుతున్న ముసలాయన దగ్గు ఆపుకున్నాడు. డీన్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

మాస్టారు మాత్రం చలించలేదు. మొదటినుంచి చివరిదాకా తల వంచి, నేల వైపు చూస్తూ, భక్తిగా కూర్చున్నాడు. పాట అయ్యాక లేచి నిలబడ్డాడు.

"నాలుగోది ఆడపిల్ల."

తెర తీశారు. నాలుగో స్థానంలో హెస్టర్ నిలబడి ఉంది.

చప్పట్లతో చర్చి మారుమోగింది. డీన్ గారు మాట ప్రకారం నోరు మూసుకున్నారు. వెండికీ గాలికీ తేడా ఏమిటో మాస్టారు అరగంట విడమర్చి చెప్పాడు. స్థానిక పత్రికవాడు అంతా రాసుకున్నాడు. క్రిస్మస్ చరణం మూడోవాడికి దక్కింది.

హెస్టర్ వీధి మలుపుదాకా ఏడవలేదు.

"అమ్మా, నా గొంతులో గాలి ఎక్కడ వినబడింది?"

"ఏమోనే. నాకైతే వినబళ్లేదు." డోరిన్ కూతురి మొహం తుడిచింది. "ఆయన చెవి వేరు తల్లీ. మనబోటివాళ్లకు అంత చెవి ఎక్కడిది?"

మాస్టారింట్లో, బల్ల సొరుగులో, సన్నటి గొంతులేవీ ఆయనకు ఇక వినబడవని మూడేళ్ల కిందట డాక్టరు రాసిచ్చిన కాగితం కింద ఉన్న చెవి మిషను పెట్టెకు సీలు ఇంకా విప్పలేదు.