కురుమయ్య దిద్దిన వాక్యం

"సారూ, గా వాక్యం తప్పున్నది."

తరగతి మొత్తం కిటికీ వైపు తిరిగింది. బయట ఓ ముసలి గొర్లకాపరి నిలబడి ఉన్నాడు. మంద బడి పక్క బీడులో మేస్తోంది.

అంజయ్య సారు చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. నల్లగొండ నుంచి మోత్కూరు దగ్గరి ఈ హైస్కూలుకు ఇంగ్లీషు చెప్పడానికి వచ్చి రెండేళ్లయింది. ఆయన రాసింది తప్పన్నవాళ్లు ఇంతవరకు లేరు.

బోర్డు మీద 'ఐ హ్యావ్ కమ్ హియర్ ఇన్ 1959' అని ఉంది.

"ఏం తప్పు?"

"యాభై తొమ్మిది ఎన్నడో అయిపాయె గద సారూ. అయిపోయిన ఏడాది జెప్పినంక హ్యావ్ పెట్టద్దు. 'ఐ కేమ్' అంటె సాలు. హ్యావే కావాల్నంటె 'ఐ హ్యావ్ బీన్ హియర్ సిన్స్ 1959' అనుండ్రి. అప్పట్నుంచి ఇయ్యాల్టిదాంక ఈడనే ఉన్న అన్నట్టు."

పిల్లలు కిసుక్కున నవ్వారు. ఎవరిని చూసి నవ్వారో తెలియక అంజయ్యకు ఒళ్లు మండింది.

"గొర్లు గాసేటోనివి, నీకెందుకయ్యా గ్రామరు? పో, నీ మంద జూస్కపో!"

ముసలాయన కోపం తెచ్చుకోలేదు.

"పిల్లలు తప్పు నేర్సుకుంటరని జెప్పిన సారూ" అని వెళ్లిపోయాడు.

సాయంత్రం అంజయ్య వ్యాకరణం పుస్తకం తెరిచాడు. ముసలాయన చెప్పింది అక్షరాలా నిజం.

మర్నాడు వాక్యం దిద్ది, తప్పు తనదేనని పిల్లల ముందు ఒప్పుకున్నాడు. ఆ మాట ఆయనకే చెబుదామంటే, మందలు తెల్లవారకముందే మేతకు కృష్ణా నది అవతలికి కదిలిపోయాయి. పేరు కురుమయ్య అని మాత్రం పిల్లలు చెప్పారు.

నాలుగు నెలలకు మందలు తిరిగొచ్చాయి. కురుమయ్య రాలేదు. అక్కడే జ్వరమొచ్చి పోయాడట.

అంజయ్య ఆ ఇంటికి వెళ్లాడు. కురుమయ్య భార్య సోమమ్మ పీట వేసింది.

"అవ్వా, ఆయనకు తప్పయిందని జెప్దామనుకున్న. గంత ఇంగ్లీషు యాడ నేర్సిండు?"

"జైల్ల, సారూ. దొరల మీద కొట్లాటల రోజుల్ల మూడేండ్లు లోపటేసిండ్రు. ఆడ ఓ వకీలు సారు నేర్పిండట. బడి మొకం జూడనోడు, నడివయసుల పలక వట్టిండు."

ఆమె గొంతులో దుఃఖం కన్నా గర్వమే ఎక్కువగా వినిపించింది.

లోపలికి వెళ్లి రేకుపెట్టెలోంచి మడత పెట్టిన కాగితం తెచ్చింది.

"సర్కారుకు ఆయన రాసిన అర్జీ నకలు. ఏం రాసిండో నాకెరికే. ఇంగ్లీషుల ఎట్లుంటదో ఇనాల్నని ఉన్నది. జర సదువుండ్రి."

అంజయ్య చదివాడు.

'వి హ్యావ్ బీన్ ఆస్కింగ్ సిన్స్ 1953. వి రోట్ టు యు ఇన్ 1954.'

హ్యావ్ ఉండాల్సిన చోట ఉంది. వద్దన్న చోట లేదు.

చివరిదాకా చదివేసరికి అంజయ్య తనకు తెలియకుండానే పీట మీంచి లేచి నిలబడ్డాడు.

సోమమ్మ తలెత్తి అంది.

"మీరు పాఠం జెప్పే బడి సారూ, గీ కాయితంతోనే మా ఊరికొచ్చింది."