రెండింటి నుంచి ఆరింటిదాకా

దర్జీకి పదకొండేళ్ళుగా ఒక సందేహం. వారానికి ఒక్క ఆదివారమే ఎందుకు పెట్టావని దేవుణ్ణి అడిగేంత సాహసం అతను ఎన్నడూ చెయ్యలేదు. పెట్టిన ఆ ఒక్కదాన్నీ తన చేతికివ్వకుండా బావమరిది చేతికెందుకిచ్చాడన్నదే అతని సందేహం. ఆదివారం పొద్దున పటం ముందు నిలబడి దండం పెట్టుకున్నప్పుడల్లా అడుగుతూనే ఉన్నాడు. జవాబు రాలేదు. బావమరిది మాత్రం వచ్చాడు.

ఇవాళ కూడా గోడ గడియారం రెండు కొట్టడం, తలుపు చప్పుడవడం ఒకేసారి జరిగాయి.

"నువ్వుండగా ఇంట్లో ఇంకో గడియారం దండగోయ్," అన్నాడు దర్జీ తలుపు తీస్తూ.

బావమరిది గడియారాలు బాగుచేస్తాడు. చిన్నగా నవ్వి, చెప్పులు విడిచి, తన మామూలు కుర్చీని చప్పుడు కాకుండా ఎత్తుకెళ్ళి పడగ్గది తలుపుకి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. ఆ తలుపు అప్పటికే మూసి ఉంది. లోపల దర్జీ భార్య బట్టలు మడతపెట్టుకుంటోంది. ఆదివారం మధ్యాహ్నం ఆమెకి అదే పని. ఉన్నది ఇద్దరి బట్టలే అయినా సాయంత్రందాకా తెమలదు.

కిటికీలోంచి చల్లగాలి వస్తోంది. ఎదురింటి డాబా మీద మొగుడూ పెళ్ళాం దుప్పటి చెరో కొసా పట్టుకుని దులుపుతూ నవ్వుకుంటున్నారు. దర్జీకి ప్రాణం అటు లాగింది. ఆరు రోజులూ పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని, నోరు విప్పే వీల్లేకుండా కొలతలు తీసే మనిషి అతను. భార్య నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల కౌంటర్ దగ్గర కూర్చుని ఊరందరి గోడూ వింటుంది. ఇద్దరూ ఇల్లు చేరాక వండుకోవడం, తినడం, లైటార్పేయడం. ఒక్క ఆదివారమైనా ఫ్లాస్కులో టీ పోసుకుని ఆమెతో డాబా మీద కూర్చోవాలని, నాలుగు మాటలు చెప్పుకోవాలని అతని ఆశ. అంతకుమించి దేవుణ్ణి ఏమీ అడగలేదు.

"ఏంటి బావగారూ, విశేషాలు?" అన్నాడు బావమరిది.

అదిగో, వల పడింది.

"ఏముంటాయోయ్ మన దగ్గర. మొన్నొకాయన కోటు కుట్టించుకుందామని వచ్చాడు..."

"ఊ."

"ఆయన భుజాలు రెండూ ఒక ఎత్తులో లేవు. అంత పెద్దమనిషికి ఆ మాట ఎలా చెప్పను చెప్పు?"

"ఊ. ఎలా చెప్పారు మరి?"

చెప్పక చస్తాడా? ఎదుటి మనిషి ఊ కొడుతుంటే సగంలో లేచిపోవడం మర్యాద కాదు. కోటు కథ ఒడ్డెక్కేసరికి మూడయింది. దర్జీ లేచి, ఒళ్ళు విరుచుకుంటున్నట్టు నటిస్తూ తలుపువైపు రెండడుగులు వేశాడు.

"మంచినీళ్ళా బావగారూ? ఇదిగో." బావమరిది సంచిలోంచి సీసా తీసి అందించాడు.

"నీళ్ళు కాదోయ్, మీ అక్కని ఒక్కసారి పిలుద్దామని."

"అన్నట్టు, ఆ భుజాలాయన మళ్ళీ వచ్చాడా?"

దర్జీ కుర్చీలో కూలబడ్డాడు. రాలేదని చెబితే గొడవ వదిలేది. కానీ వచ్చాడు మరి. అబద్ధం ఎలా ఆడతాడు? పైగా ఈసారి వాళ్ళ తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చాడు.

తమ్ముడి చొక్కా కూడా పూర్తయ్యేసరికి నాలుగయింది. ఎదురింటివాళ్ళు దుప్పటి మడిచి కిందికి వెళ్ళిపోయారు. దర్జీ మనసులోనే పటానికి ఒక దండం పెట్టి, గుండె రాయి చేసుకున్నాడు.

"ఏమోయ్, ఒక మాటంటాను, ఏమీ అనుకోకు. నీకూ పెళ్ళాం, పిల్లలు ఉన్నారు. ఆదివారం వాళ్ళతో ఉండాలని ఉండదూ?"

"ఎందుకుండదు బావగారూ! మా ఆవిడ పదకొండేళ్ళ నుంచీ తిడుతూనే ఉంది."

"మరింకేం? వచ్చేవారం నుంచి రాకు. నేనూ మీ అక్కా డాబా మీద కూర్చుంటాం. రెండింటి నుంచి ఆరింటిదాకా హాయిగా కబుర్లు చెప్పుకుంటాం."

బావమరిది మొహం పాలిపోయింది.

"ఆరింటిదాకానా? అక్కతోనా?" అంటూ మూసిన తలుపువైపు చూశాడు. "అక్కని ఒక మాట అడిగితే బాగుంటుందేమో..."

"అది నేను చూసుకుంటాలే."

బావమరిది లేచి, కుర్చీ పక్కకి జరిపి, తలుపు మీద వేలితో మెల్లగా రెండుసార్లు తట్టాడు. కాసేపటికి ఆమె బయటికి వచ్చింది. జుట్టు చెదిరి ఉంది. చెంప మీద దిండు గీతలు పడి ఉన్నాయి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. లోపల అంతా వినేసిందని, ఏడ్చిందని దర్జీకి అర్థమయింది. అతను నోరు తెరిచేలోపే ఆమె తమ్ముణ్ణి సాగనంపడానికి గేటు దాకా వెళ్ళింది.

దర్జీ కిటికీ పక్కన నిలబడ్డాడు. పదేళ్ళ వయసులో బావమరిది కాలు విరగ్గొట్టుకుని ఏడాదిపాటు మంచాన పడ్డాడు. ఆ ఏడాదంతా బడి నుంచి రాగానే అక్కే పక్కన కూర్చుని, అతని వాగుడంతా విసుక్కోకుండా వినేదట. అలాంటి తమ్ముణ్ణి తను గుమ్మం తొక్కవద్దన్నాడు. ఆదివారం దక్కింది. కానీ దక్కించుకున్న పద్ధతి దేవుడు మెచ్చేదేనా?

గేటు దగ్గర బావమరిది చేతులు నలుపుకుంటున్నాడు.

"నా తప్పేం లేదక్కా. బావగారే రావద్దన్నారు. నేనైతే ఎన్నేళ్ళయినా వచ్చేవాణ్ణి."

ఆమె డాబా వైపు ఒకసారి చూసి నిట్టూర్చింది. తర్వాత తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది.

"పోనీలేరా, నీ మంచం పక్కన నేను కొట్టిన ఊలన్నీ నా బదులు ఈయనకి కొట్టి తీర్చేశావు."