గుట్ట మీద ఏం లేదు

దొంతిగుట్ట మీద, పెద్ద బండ కింద ఎవరో బోర్లా పడి ఉండటం చూసి శవమేమో అనుకుంది సోమమ్మ.

గొర్రెలను వదిలేసి దగ్గరికి వెళ్లి, కర్రతో మెల్లగా పొడిచింది.

ఆ మనిషి లేచి కూర్చున్నాడు. మెడలో దుర్భిణి, భుజాన మాసిన సంచి. చేతిలో బొచ్చూ సన్నటి ఎముకలూ కలిసిన ఉండ ఒకటి.

"ఏందయ్యా గది?"

"గుడ్లగూబ కక్కిన ఉండ అమ్మా. ఎలుకను మింగి, అరగని బొక్కలు, బొచ్చు ఇట్ల కక్కుతది." ప్రసాదం అందుకున్నంత భద్రంగా దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాడు. "ఈ గుట్ట మీద గుడ్లగూబలు బాగ ఉంటయా?"

సోమమ్మకు అంతా అర్థమైపోయింది.

గుట్టల వెంట తిరుగుతూ గుడ్లగూబ కోసం అడిగేవాడు గుప్తనిధులు తవ్వేవాడు కాక మరెవడు? పిట్టను బలి ఇస్తాడు, బండలు పెకిలిస్తాడు, లంకెబిందెలు దొరక్కపోతే ఇంకో గుట్టకు పోతాడు.

అసలే దొంతిగుట్టకు గండం పట్టుకుని ఉంది. గ్రానైట్ కంపెనీ ఒకటి దాన్ని లీజుకు అడిగింది. గుట్ట చుట్టూ ఎర్రరంగు పూసిన హద్దురాళ్లు కూడా పాతి పోయింది. గుట్టను పగలగొడితే దాని అడుగున ఉన్న ఊట పోతుంది. ఊట పోతే ఎండాకాలం సోమమ్మ మందకు గుక్కెడు నీళ్లుండవు. గొర్రెలు అమ్ముకుని కూలికి పోవాల్సిందే.

ఆ కంపెనీ చాలదన్నట్టు ఇప్పుడు వీడొకడు!

"గుడ్లగూబలా? ఏం లెవ్వు సారూ. గుట్ట మీద ఏం లేదు. ఒట్టి బండలు."

"మరి నీళ్లు? ఊట గిట్ల ఏమన్న ఉన్నదా?"

"గిక్కడ ఊటేడిది? గొర్లను ఊళ్లెకు తోల్కపోయి ట్యాంకు కాడ తాపుకొస్తం."

సరిగ్గా అప్పుడే ఆమె గొర్రెలు ఊటలో కడుపారా తాగి, మూతుల నుంచి నీళ్లు కారుతుండగా బండ చాటు నుంచి ఒక్కొక్కటే వచ్చి నిలబడ్డాయి.

అతను గొర్రెలను చూశాడు. సోమమ్మను చూశాడు.

"గది చెమట," అంది సోమమ్మ.

అతను నవ్వాడు.

ఇంటికి వచ్చీ రాగానే మొగుడు గుర్వయ్య చెవిన వేసింది. పొద్దుగూకేసరికి ఊరంతా ఒక్క మాట మీదికి వచ్చింది. సర్పంచి ఎన్నికల్లో కూడా ఆ ఊరు అంత కట్టుగా ఎన్నడూ లేదు.

మర్నాడు అతను కిరాణా కొట్టులో అడిగాడు.

"గుట్ట మీద ఏం లేదు సారూ."

చాయ్ హోటల్లో అడిగాడు.

"ఏం లేదు సారూ. జర చాయ్ తాగి పోండ్రి."

బడికి పోయే పిల్లలను అడిగితే పాఠం అప్పజెప్పినట్టు అందరూ అదే చెప్పారు. ఒక చిన్నపిల్ల మాత్రం అడక్కుండానే, "గుడ్లగూబ పిల్లలు సుత లెవ్వు!" అనేసింది.

అయినా అతను గుట్ట వదల్లేదు. ఇక లాభం లేదని గుర్వయ్య నలుగురిని వెంటేసుకుని వెళ్లి అతన్ని కిందికి దించి, ఆటో ఎక్కించాడు.

"మల్ల గీడ కనవడ్డవంటే కాళ్లిరుగుతయి!"

సోమమ్మ అంతటితో ఊరుకోలేదు. అతను ఏరుకున్న ఉండల కవరు లాక్కుని ముళ్లకంపలోకి విసిరేసింది. అప్పుడు మాత్రం అతని ముఖం చిన్నబోయింది.

ఆటో కదులుతుంటే తల బయటపెట్టి అన్నాడు. "మీ ఊట నీళ్లు తియ్యగున్నయమ్మా."

"సచ్చినోడు, ఊట సుత పసిగట్టిండు!" అని సోమమ్మ ఆ వారమంతా గుట్టకు కాపలా కాసింది.

వానలు పడ్డాక కంపెనీ జీపు వచ్చి గుట్ట కింద ఆగింది. సూపర్‌వైజర్ దిగి హద్దురాళ్ల దగ్గర కూలీలను పనిలో పెట్టాడు. సోమమ్మ, గుర్వయ్య కర్రలు పట్టుకుని పరుగెత్తారు.

"ఏం పాతుతున్నరయ్యా మల్ల?"

"పాతుడు గాదమ్మా, పీకుడు. లీజు రాలే. మీ గుట్ట మీకే."

సోమమ్మ చేతిలో కర్ర జారిపోయింది. గుర్వయ్య తలపాగా విప్పి గాల్లోకి ఎగరేశాడు. సంతోషం పట్టలేక ఆమె సూపర్‌వైజర్ గడ్డం పట్టుకుంది.

"ఎట్లయింది బిడ్డా?"

"ఒక సైంటిస్టు చేసిండు," అన్నాడతను గడ్డం విడిపించుకుంటూ. "మీ గుట్ట మీద పెద్ద గుడ్లగూబలు పిల్లలు చేస్తున్నయట. వాన నీళ్లు బండల సందులకెళ్లి దిగి ఊట అయితున్నయట. బాంబులు పెడితె గా సందులు మూసుకపోతయట. ఫొటోలతోటి సర్కారుకు అన్నీ రాసిచ్చిండు."

సోమమ్మ నవ్వు ఆగిపోయింది. "మెడల దుర్భిణి ఏసుకుంటడా?"

"ఆ, గాయనే. మీ ఊరోళ్లు ఏం లేదనే చెప్పిన్రట గద. గా మాట ఒక్కటి రాసుంటె లీజు మాకే వచ్చేది."

సోమమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ముళ్లకంప వైపు చూడటానికి ఆమెకు ముఖం చెల్లలేదు.

"మంచోన్ని తరిమికొడ్తిమి గద! బిడ్డా, ఆయనను ఒక్కపారి తోల్కరా. పొట్టేలును కోసి కడుపునిండ పెడ్త."

"ఏడికి పోయిండో ఎవరికెరుక. మా ఫోన్లయితే ఎత్తుతలేడు."

గుర్వయ్య తలపాగా దులిపి చుట్టుకుంటూ అన్నాడు. "ఏమన్న గానీ, సర్కారు మంచోన్నే ఏరి పంపింది."

సూపర్‌వైజర్ ఆఖరి హద్దురాయిని జీపులో పడేయించి, ఆముదం తాగినట్టు ముఖం పెట్టాడు.

"సర్కారేడ పంపిందయ్యా? గుట్ట మీద ఏం లేదని రాయనీకె మా కంపెనీయే జీతమిచ్చి పెట్టుకున్న మనిషి ఆయన!"